నా ఛాతి మీద పెట్టుకోవచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. బైక్ మెకానిక్‌ని. పెళ్ళయిన నాలుగేళ్ళకు మొన్న ఆదివారం మాకు పాప పుట్టింది. మా ఆమెకు బీపీ బాగా పెరిగిందని 31 వారాలకే ఆపరేషన్ చేసి తీశారు. పాప బరువు 1,350 గ్రాములు. అక్కడ చిన్నపిల్లల ఐసీయూ లేదంటే వరంగల్‌లో ఇంకో ఆస్పత్రికి తెచ్చుకున్నాం. ముక్కుకు సీప్యాప్ (ఊపిరికి సాయంగా గాలి పంపే గొట్టం), నోట్లో పాల గొట్టం, కాలికి ఆక్సిజన్ చూసే ఎర్ర లైటు తీగ పెట్టారు. మా ఆమెకు బీపీ ఇంకా దిగలేదని ఆపరేషన్ అయిన ఆస్పత్రిలోనే ఉంచారు. ఇవాళ సిస్టర్ ఒకామె "రేపటి నుంచి మీరు చొక్కా గుండీలు తీసి పాపను ఛాతి మీద పెట్టుకొని కూర్చోవాలి, కంగారూ కేర్ అంటారు" అన్నది. మా అమ్మ వినంగానే లొల్లి పెట్టింది. పురుడు తీరకముందే మగోడు బిడ్డను ముట్టుడేంది, ఈ చలిల బట్టల్లేకుండ బయటికి తీసుడేంది, ఎనిమిదో నెల బిడ్డ అసలే నిలవదంటరు, పెట్టెలనే ఉండనీయుండ్రి అంటున్నది. సమ్మక్కకు బిడ్డెత్తు బంగారం (పాప బరువంత బెల్లం) కూడా మొక్కింది. నిజం చెప్తే నాకూ భయంగానే ఉంది. నా చేతులు మొరటు. తీగ ఊడినా, పాప ఊపిరి ఆగినా నా వల్లనే అయినట్టు అయితది. పెట్టుకోవాలా? తల్లి వచ్చేదాకా ఆగితే కాదా?

— ఒక తండ్రి, హనుమకొండ జిల్లా

జవాబు: తమ్ముడూ, అక్కా అని రాశావు కాబట్టి నేనూ నువ్వనే అంటాను. పెట్టుకో. తల్లి వచ్చేదాకా ఆగొద్దు. సిస్టర్ నీతో ఆ మాట అన్నదంటే డాక్టరు రౌండ్స్‌లో చూసి సరే అన్నాకే అని ఉంటుంది. ఆ వార్డు వాళ్ళు నీకు మంచే చెప్పారు.

ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పాతికేళ్ళు పిల్లల వార్డులో సిస్టర్‌గా చేసి రిటైరయ్యాను. కొత్తల్లో నా పనిలో సగం తలుపు దగ్గర నిలబడి తల్లులను వెనక్కి పంపడమే. "లోపలికి రావద్దమ్మా, ఇన్‌ఫెక్షన్ వస్తది, అద్దంలోంచి చూసి పో" అనేదాన్ని. ఆపరేషన్ కుట్ల మీద చెయ్యి పెట్టుకొని, గోడ పట్టుకొని వచ్చిన బాలింతలను కూడా అట్లనే పంపాను. వాళ్ళ నుదుళ్ళ జిడ్డు, వేళ్ళ ముద్రలు ఆ అద్దం మీద ఉండిపోయేవి. పొద్దున ఆయా తడిగుడ్డతో తుడిచేది.

ఒక చలికాలం రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ పలకలేదు. పిల్లలను వెచ్చగా ఉంచే వార్మర్లు అన్నీ ఆరిపోయాయి. రెండు దుప్పట్లు చుట్టినా ఒక పిల్లకు కాళ్ళు చల్లబడి నీలంగా మారుతున్నాయి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ "తల్లులను పిలవండి, పిల్లలను రవికెల్లో పెట్టేయండి" అన్నది. బయట వరండాలో చాపల మీద పడుకున్నవాళ్ళను లేపుకొచ్చాం. టార్చిలైటు వెలుతురులో ఒక్కొక్కరి రొమ్ముల మధ్య ఒక్కొక్క పిల్లను పెట్టి, పైనుంచి చీర కొంగుతో చుట్టాం. గంటన్నర తర్వాత చంకలో థర్మామీటర్ పెట్టి చూస్తే, చల్లబడిన ఆ పిల్ల ఒళ్ళు మామూలు వేడికి వచ్చింది. కాళ్ళు ఎర్రబడ్డాయి. తెల్లారి జనరేటర్ బాగయింది. మేం పిల్లలందరినీ మళ్ళీ వార్మర్లలోకి మార్చి తల్లులను మళ్ళీ బయటికి పంపాం! ఎందుకు మార్చామని మాలో ఒక్కరం కూడా అడగలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గే.

ఈ పద్ధతి పుట్టింది కూడా ఇలాంటి కొరతలోనే. కొలంబియా దేశంలో బొగోటా నగరంలో 1978లో ఎడ్గార్ రే అనే పిల్లల డాక్టరు మొదలుపెట్టాడు. మరుసటేడు హెక్టర్ మార్టినెజ్ అనే ఇంకో డాక్టరు కలిశాడు. వాళ్ళ ఆస్పత్రిలో ఇంక్యుబేటర్లు (పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలు) చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలను పడుకోబెట్టేవారు. ఒకరి ఇన్‌ఫెక్షన్ ఇంకొకరికి అంటుకొని పిల్లలు చనిపోయేవాళ్ళు. తల్లికి, బిడ్డకు దూరం పెరిగి కొందరు బిడ్డలను ఆస్పత్రిలోనే వదిలి వెళ్ళిపోయేవాళ్ళు. అప్పుడు డాక్టర్ రే తల్లుల ఛాతినే ఇంక్యుబేటర్ చేశాడు. కంగారూ జంతువు పిల్ల కూడా పూర్తిగా ఎదగకుండానే పుట్టి తల్లి సంచిలో పెరుగుతుంది కాబట్టి ఆ పేరు. (మీ అమ్మకు ఈ పేరు చెప్పకు. "ఇప్పటికే ఆగమాగం ఉన్నం, ఇంకేం కంగారురా" అంటుంది.)

ఇక నీ అసలు ప్రశ్న: ఆగితే కాదా? చాలా ఏళ్ళు డాక్టర్లూ అదే అనుకున్నారు. ముందు పిల్ల కుదుటపడాలి, గొట్టాలన్నీ తీసేయాలి, ఆ తర్వాత ఛాతి మీద పెట్టొచ్చు అని. అది సరైనదేనా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్ష పెట్టింది. మన ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆస్పత్రితో కలిపి ఐదు దేశాల్లో ఐదు ఆస్పత్రుల్లో, ఒక కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది పిల్లలను తీసుకున్నారు. మీ పాప బరువు పిల్లలే అన్నమాట. సగం మందిని పుట్టిన వెంటనే ఛాతికి చేర్చారు. మిగతా సగాన్ని పాత పద్ధతిలో వార్మర్‌లో ఉంచి, కుదుటపడ్డాక చేర్చారు. ఆగినవాళ్ళలో మొదటి 28 రోజుల్లో నూటికి 15.7 మంది చనిపోయారు. ఆగనివాళ్ళలో 12 మంది. తేడా ఇంత స్పష్టంగా కనిపించేసరికి, ఇక సగం మందిని ఆపి ఉంచడం న్యాయం కాదని పరీక్షను మధ్యలోనే నిలిపేశారు. ఆ లెక్కలు 2021లో బయటికొచ్చాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సలహానే మార్చుకొని, నెలలు తక్కువ పిల్లలను వీలైనంత త్వరగా ఛాతికి చేర్చండి, రోజుకు 8 గంటల నుంచి 24 గంటల దాకా ఎంత వీలైతే అంత ఉంచండి అని చెప్పింది. తల్లికి కుదరకపోతే తండ్రి, లేదంటే ఇంట్లో ఆరోగ్యంగా ఉన్న ఇంకెవరైనా చేయొచ్చు. అంటే నువ్వు నీ భార్య వచ్చేదాకా సీటు ఆపి ఉంచే మనిషివి కాదు. ఇది వైద్యం. ఇప్పుడు దాన్ని ఇవ్వగలిగింది నువ్వే.

ఛాతి ఏం చేస్తుందని అడుగుతావేమో. మీ పాప చర్మం ఉల్లిపొరలా ఉంటుంది చూడు, దాని కింద కొవ్వు లేదు. అందుకే ఒంట్లో వేడి నిలవదు. వేడి పుట్టించుకోవడానికే తిన్న పాలలో సగం ఖర్చు పెడితే ఇక పెరగడానికి ఏం మిగులుతుంది? నీ ఒంటి వేడి అందితే ఆ ఖర్చు తగ్గుతుంది. రెండోది ఊపిరి. నెలలు తక్కువ పిల్లలు మధ్యమధ్యలో ఊపిరి తీయడం మరిచిపోతారు. మెదడులో ఆ ఏర్పాటు ఇంకా పూర్తి కాలేదు, అంతే. నీ ఛాతి లేస్తూ పడుతూ ఉంటే, నీ గుండె చప్పుడు చెవి కింద వినిపిస్తుంటే ఆ మరపు తగ్గుతుంది. మూడోది, ఒంటి మీద ముందుగా ఏ క్రిములు చేరాలన్నది. వార్డులోని మొండి క్రిముల కంటే ఇంటివాళ్ళ చర్మం మీద ఉండేవి చేరడం బిడ్డకు చాలా మేలు. నేను తలుపు దగ్గర నిలబడి ఏ భయంతో తల్లులను ఆపానో, ఆ భయానికి మందు ఆ తల్లుల దగ్గరే ఉందన్నమాట.

మగాడి ఛాతి పనికొస్తుందా అంటే, వస్తుంది. వెంట్రుకలు ఉన్నా ఏం కాదు, గీయించుకోనక్కర్లేదు. గీస్తే గాట్లు పడి అదొక గొడవ.

ఇప్పుడు మీ అమ్మ సంగతి. ఆమె మీద కోపం తెచ్చుకోకు, ఆమె భయం నీ భయం కంటే పెద్దది. అయితే ఒక్కొక్క మాటకూ జవాబు ఉంది.

ఏడో నెల బిడ్డ నిలుస్తది, ఎనిమిదో నెల బిడ్డ నిలవదు అనే మాట మన ఊళ్ళల్లో నేను వినని ఇల్లు లేదు. అది తప్పు. కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు బలమే. 28 వారాల పిల్ల కంటే 31 వారాల పిల్ల ఊపిరితిత్తులు గట్టిగా ఉంటాయి. మీ పాప ఎనిమిదో నెలలోకి వచ్చి పుట్టడం ఆమె అదృష్టం. ఈ మాట మీ అమ్మ నా మీద కంటే డాక్టరు మీద ఎక్కువ నమ్ముతుంది కాబట్టి, రౌండ్స్ టైములో ఆమెను తీసుకొచ్చి నిలబెట్టి ఆయన నోటితోనే చెప్పించు.

చలి అంటావా, పాపను బట్టల్లేకుండా గాలికి పెట్టరు. తలకు టోపీ, కాళ్ళకు సాక్సులు, నడుముకు డైపర్ ఉంటాయి. ముందు వైపు నీ ఛాతి, వెనక వైపు కట్టే గుడ్డ, దాని మీద నీ చొక్కా, ఆపైన దుప్పటి. ఈ చలికాలంలో ఆ వార్డులో అంతకంటే వెచ్చని చోటు ఇంకొకటి దొరకదు. మొదట్లో సిస్టర్ మధ్యమధ్యలో వేడి చూస్తూనే ఉంటుంది.

పురుడు దగ్గర నేను వాదించను. బాలింతకూ బిడ్డకూ బయటి మురికి తగలకూడదనే పెద్దలు పెట్టి ఉంటారని నా నమ్మకం. కానీ మీ అమ్మను ఒక్క లెక్క వేయమను. ఈ ఐదు రోజుల్లో మూడు షిఫ్టుల సిస్టర్లు, డాక్టర్లు, రక్తం తీసే అబ్బాయి, ఎక్స్‌రే తీసినతను, ఇంతమంది పరాయివాళ్ళు పాపను ముట్టుకున్నారు. కన్నతండ్రి ఒక్కడే ముట్టలేదు. ఈ లెక్క చెబితే చాలామంది అత్తలూ అమ్మలూ ఆగి ఆలోచించడం నేను చూశాను. ఇక మొక్కు మాటకొస్తే, సమ్మక్కకు ఎత్తు బంగారం మొక్కి 1,350 గ్రాముల బెల్లంతో తీరుస్తానంటే ఆ తల్లి నవ్వుతుంది. మొక్కు బరువు పెరగాలంటే మనవరాలి బరువు పెరగాలి, దానికి మీ అమ్మ సాయం కూడా కావాలి. ఆమెకు దగ్గు, జ్వరం, చర్మ రోగం లేకపోతే, డాక్టరు ఒప్పుకుంటే, నువ్వు లేచినప్పుడు ఆమె కూర్చోవచ్చు. నానమ్మల ఒళ్ళోకి చేరాక కళ్ళు మూసుకొని పడుకున్న పిల్లలను ఎంతమందిని చూశానో. అడ్డం చెప్పిన నానమ్మలే ఆ తర్వాత కుర్చీ వదలరు!

రేపు ఏం జరుగుతుందో ఇప్పుడే చెబుతాను, ముందే తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. పొద్దున స్నానం చేసి రా. సెంటు, పౌడరు, నొప్పుల బామ్ ఏవీ వద్దు. బీడీ, సిగరెట్, గుట్కా అలవాటుంటే ఇవాళ్టి నుంచే బంద్. గోళ్ళు కొన దాకా కత్తిరించుకో. గ్రీజు పోవాలని మెకానిక్‌లు పెట్రోల్‌తో చేతులు కడుగుతారు, నాకు తెలుసు. అది వద్దు. సబ్బు, పాత టూత్‌బ్రష్ తీసుకొని గోళ్ళ కింద రుద్దు. ఉంగరం, కడియం, చేతి దారాలు తీసి ఇంట్లో పెట్టు. భద్రకాళి గుడి నుంచి మీ అమ్మ కంకణం తెచ్చి ఉంటే అది కవర్లో పెట్టి బ్యాగులో ఉంచు, పాప మంచం దాకా తేకు. వార్డు బయట సిస్టర్ చూపించినట్టు మోచేతుల దాకా కడుక్కో. ఫోన్ లోపలికి తెస్తే మళ్ళీ కడుక్కోవాల్సిందే, మన ఫోన్ల కంటే మురికి వస్తువు లేదు. కూర్చునే ముందు బాత్రూంకి వెళ్ళిరా, నీళ్ళు తాగు. ఒకసారి పాప నీ మీదికి చేరితే కనీసం గంట లేవకూడదు. ఎత్తడం, దించడం పాపకు అలసట. పది నిమిషాలు పెట్టుకొని తీసేస్తే ఆ అలసట తప్ప ఇంకేం మిగలదు.

వెనక్కి కొంచెం వాలిన కుర్చీలో కూర్చోబెడతారు. సిస్టర్ తీగలన్నీ ఒక పక్కకు చేర్చి, సీప్యాప్ గొట్టాన్ని నీ భుజం దగ్గర టేపుతో అంటిస్తుంది. ఒకరు పాపను, ఇంకొకరు గొట్టాలను పట్టుకొని నీ మీదికి తెస్తారు. ఆ అర నిమిషం పాప ఏడవొచ్చు, మానిటర్ మోగొచ్చు. నువ్వు ఊపిరి బిగపట్టకు. పాపను నిలువుగా, కప్ప కూర్చున్నట్టు కాళ్ళూ చేతులూ మడిచి, ఛాతికి ఛాతి ఆనేలా పెడతారు. తల ఒక పక్కకు తిప్పి ఉంటుంది. నువ్వు చూసుకోవాల్సింది ఆ మెడ ఒక్కటే. గడ్డం ఛాతి మీదికి వాలిపోకూడదు, మరీ వెనక్కి వేలాడకూడదు. ముక్కు, నోరు నీకు కనబడుతూ ఉండాలి. తర్వాత గుడ్డతో చుట్టి కడతారు. అది బాగా కడితే నువ్వు చేతులు వదిలినా పాప జారదు. గొట్టంతో పాలు పట్టే టైమొస్తే అట్లనే ఛాతి మీద ఉండగానే పడతారు, దించాల్సిన పని లేదు.

ఆ తర్వాత పది పదిహేను నిమిషాలు మానిటర్ చూడకు, పాపను చూడు. ముందు నుదురు మీద ముడతలు పోతాయి. పిడికిలి మెల్లగా విప్పుకుంటుంది. ఆ వేళ్ళు నీ ఛాతి మీద ఉన్న ఒక వెంట్రుకను పట్టుకొని లాగితే నవ్వకు, కదిలిపోతుంది! భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పత్తి రైతు ఇట్లనే మొదటి రోజు కర్రలా బిగుసుకుపోయి కూర్చున్నాడు. నీలాగే చేతులు మొరటు అన్నాడు. అర గంటకు పాప గుండె వేగం నెమ్మదించింది, దాంతోపాటు ఆయన భుజాలూ దిగాయి. రెండు గంటలయ్యాక "అయిపోయింది, ఇవ్వండి" అంటే, "ఇంకొంచెం సేపు సిస్టర్, ఇప్పుడే నిద్రల వడ్డది" అని నన్నే ఆపాడు. మొరటు చేతులతో పాపను రుద్దకు, నిమరకు. ఇంత చిన్న పిల్లలకు నిమిరితే చురుక్కుమంటుంది. అరచేయి అట్లనే ఆనించి కదపకుండా ఉంచడం వాళ్ళకు ఇష్టం. ఇంజన్ నట్లు విప్పే చేయికి ఆ నిలకడ అలవాటే కదా.

తీగ ఊడితే అంటావా, ఊడుతుంది. కాలికి కట్టిన ఆ ఎర్ర లైటు పాప కాలు ఆడిస్తే జరుగుతుంది, మానిటర్ కూస్తుంది. వార్డులో మోగే అలారాల్లో చాలా వాటి సంగతి ఇంతే. సిస్టర్ వచ్చి సరిచేస్తుంది. మోగగానే నువ్వు చేయాల్సింది పాప ముఖం చూడటం. రంగు గులాబీగా ఉందా, పొట్ట ఆడుతోందా? ఆడుతుంటే పిలిచి కూర్చో. ఆడకపోతే, పెదాలు నీలంగా మారితే, వెంటనే గట్టిగా పిలువు. పాప వీపు మీద వేలితో మెల్లగా రుద్దుతారు, చాలాసార్లు దానికే మళ్ళీ ఊపిరి అందుకుంటుంది. ఇది నీ ఛాతి మీద జరిగినా నీ వల్ల జరిగినట్టు కాదు, వార్మర్‌లో పడుకున్నా జరిగేదే. దీనికోసం కెఫీన్ మందు కూడా ఇస్తూ ఉంటారు. ఇంకొకటి, కొవిడ్ తర్వాత మనందరికీ ఆక్సిజన్ 95 కిందికి వస్తే గుండె ఆగినంత పని అవుతోంది. ఆక్సిజన్ పెట్టిన నెలల తక్కువ పిల్లలకు దాన్ని 90 నుంచి 95 మధ్యలోనే ఉంచుతారు, ఎక్కువైతే కళ్ళకు చేటు. కాబట్టి 92 చూసి సిస్టర్ మీద అరవకు.

ఎప్పుడు వద్దంటారు? పాప తనంతట ఊపిరి తీయలేక వెంటిలేటర్ మీదికి వెళ్ళినా, బీపీ పడిపోయినా, ఇంకేదైనా గట్టి ఇబ్బంది వచ్చినా ఆ రోజుకు ఆపొచ్చు. అప్పుడు పట్టు పట్టకు. "మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు సార్" అని మాత్రం రోజూ అడుగు. నీకు జలుబు చేసినా, జ్వరం వచ్చినా నువ్వే చెప్పి ఆగిపో. అయితే ఇప్పుడున్న సీప్యాప్, పాల గొట్టం మాత్రం అడ్డం కాదు.

బరువు గురించి ముందే హెచ్చరిస్తున్నాను. మొదటి వారంలో ఇలాంటి పిల్లలందరూ బరువు తగ్గుతారు. మీ పాప రేపో ఎల్లుండో 1,250కి దిగినా దిగొచ్చు. సరిగ్గా నువ్వు ఛాతి మీద పెట్టుకున్న రోజుల్లోనే అది కనబడుతుంది కాబట్టి నింద నీ మీదికి వస్తుంది. పుట్టినప్పటి బరువుకు మళ్ళీ చేరడానికి పది రోజులు, రెండు వారాలు పడుతుంది. మీ అమ్మకు ఇది ఇవాళే చెప్పి పెట్టు.

ఇక నీ భార్య. ఉత్తరంలో ఆమె గురించి రెండే వాక్యాలు రాశావు, నాకు అన్నిటికంటే ఆమె గురించే దిగులుగా ఉంది. కడుపు కోసి బిడ్డను తీశారు, బిడ్డ ఇంకో ఆస్పత్రిలో ఉంది, ముఖం సరిగ్గా చూసిందో లేదో. ఆమె దగ్గర ఎవరున్నారు? తల్లిగారివాళ్ళు ఉంటే ఫోన్ చేసి ఈ మాట చెప్పు: పాలు రావట్లేదని వదిలేయొద్దు, రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, చేత్తో పిండాలి. మొదట నాలుగు చుక్కలే వస్తాయి. ఆ నాలుగు చుక్కల ముర్రుపాలు మీ పాపకు అమృతం. ఆమె వాడుతున్న బీపీ మందులతో పాలు ఇవ్వొచ్చా అని అక్కడి డాక్టర్ని అడగండి, సాధారణంగా ఇవ్వొచ్చనే అంటారు. ఏ గిన్నెలో పట్టాలి, ఎంతసేపట్లో చేర్చాలి అన్నది పాప వార్డు సిస్టర్ దగ్గర తెలుసుకొని, ఆ పాలు మోసుకొచ్చే డ్యూటీ నువ్వు తీసుకో. 34 వారాలు వచ్చేదాకా పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిపి చేయడం పాపకు కష్టం. అందుకే గొట్టం, ఆ తర్వాత ఉగ్గుగిన్నె. ఈ లోపు తల్లికి పాలు ఎండిపోకుండా చూసుకోవాలి.

రేపు పాప నీ ఛాతి మీద నిద్రపోయాక సిస్టర్‌ని అడిగి ఆమె చేతనే ఒక చిన్న వీడియో తీయించి నీ భార్యకు పంపు. బిడ్డను చూస్తూ పిండితే పాలు దిగడం నేను ఎన్నోసార్లు చూశాను. డిశ్చార్జ్ అయిన రోజు ఆమెను నేరుగా ఇంటికి కాదు, పాప దగ్గరికి తీసుకురా. అప్పుడు నువ్వు లేచి ఆ కుర్చీ ఆమెకు ఇవ్వు. కుట్లు నొప్పిగా ఉన్నా వెనక్కి వాలి కూర్చుంటే పాప బరువు కుట్ల మీద పడదు, పైన ఉంటుంది. తల్లి కూడా ఉండే వార్డులు ఇప్పుడు కొన్ని ప్రభుత్వ ఆస్పత్రుల్లో వచ్చాయి. మీ దగ్గర అలాంటి ఏర్పాటు ఉందేమో అడుగు. లేదు, విజిటింగ్ టైములోనే రావాలి అంటే, గొడవ పడకుండా "మేం విజిటర్లం కాదు సార్, కేఎంసీ కోసం వస్తున్నాం, ఇంకో రెండు గంటలు ఇవ్వండి" అని అడిగి చూడు. కేఎంసీ (కంగారూ మదర్ కేర్) అనే మూడక్షరాలు వాడు, వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

షాపు సంగతి నువ్వు రాయలేదు గానీ నాకు తెలుసు, రోజు మూస్తే రోజు కూలి పోయినట్టే. రోజంతా కూర్చోలేవు. పొద్దున రెండు గంటలు, రాత్రి షాపు మూసి స్నానం చేసి వచ్చి మూడు గంటలు, మధ్యలో మీ అమ్మ, వారం తర్వాత నీ భార్య, ఇట్లా పంచుకోండి. కూర్చొని నిద్ర వస్తే గుడ్డ గట్టిగా ఉందో లేదో సిస్టర్‌కి చూపించి, మానిటర్ ఉండగా వార్డు కుర్చీలో కునుకు తీయొచ్చు. ఇంటికెళ్ళాక మాత్రం సోఫాలో, నవారు మంచం మీద పాపను ఛాతి మీద పెట్టుకొని నిద్రపోవద్దు.

ఇంటికెళ్ళినా ఇది ఆపాల్సిన పని లేదు. రెండున్నర కిలోలు వచ్చేదాకా కొనసాగించొచ్చు. అప్పటికి పాపే చెబుతుంది, ఉక్కపోతతో కాళ్ళు తంతుంది, గుడ్డలోంచి బయటికి పాకుతుంది, ఏడుస్తుంది. ఇక్కడే ఇంకో మాట, మరిచిపోతే నన్ను నేను క్షమించుకోలేను: 34 వారాల లోపు పుట్టిన పిల్లలకు, రెండు కిలోల లోపు పిల్లలకు పుట్టిన 30 రోజుల్లోపు కంటి రెటీనా పరీక్ష జరగాలి. డిశ్చార్జ్ సంతోషంలో చాలామంది ఆ తేదీ తప్పిస్తారు. ఆ తేదీ అడిగి షాపు క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసుకో.

రేపు వచ్చేటప్పుడు ముందు వైపు పై నుంచి కింది దాకా గుండీలున్న, ఉతికిన నూలు చొక్కా వేసుకొని రా. టీషర్టు వద్దు, అది తల మీది నుంచి తీయాలంటే పాప తీగలన్నీ పక్కన పెట్టుకొని సిస్టర్లు ఎదురుచూడాల్సి వస్తుంది.